వాలెంటీనో మజ్జోలా

ఇటలీ దేశపు ఉత్తరభాగమున మిలాను మహానగరము కలదు. దానికి తూర్పుగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున, అద్దా నది యొడ్డున, కస్సానో అను చిన్న పట్టణమున్నది. ఆల్ప్స్ పర్వతములనుండి దిగివచ్చు నీరగుటచే అద్దా నది చల్లనిది, మిక్కిలి వడిగలది. ఆ నీటి బలముతో ఆ ప్రాంతమున మిల్లులు నడచుచుండెను. మిల్లుపనివారును కూలివాండ్రును కాపురముండు పేటలో, ఒక బీదకుటుంబమున, 1919వ సంవత్సరము జనవరి 26వ తేదీన వాలెంటీనో మజ్జోలా జన్మించెను. తండ్రి పేరు అలెస్సాండ్రో. ఆయన రెక్కల కష్టముతో కుటుంబమును పోషించుచుండెను.

ఆ పేటలోని పిల్లలకు తోలుబంతి కొనుక్కొను స్తోమతు లేదు. గుడ్డపేలికలు చుట్టిన ఉండయో, ఎవరో పారవేసిన రేకుడబ్బాయో వారికి బంతి. వాలెంటీనో త్రోవలో కనబడిన ప్రతి డబ్బాను కాలితో తన్నుకొనుచు పోవుచుండెడివాడు. అందుచే ఊరివారు అతనికి తమ మాండలికమున తులేన్ అని పేరు పెట్టిరి. రేకుడబ్బాల పిల్లవాడని దాని భావము. దేశమంతటను అతని కీర్తి వ్యాపించిన తరువాత కూడ సొంతయూరిలో ఆ పేరు నిలిచియే యుండెను.

పదేండ్ల వయస్సున అతడు చేసిన పని యొకటి చెప్పదగియున్నది. ఆఱేండ్ల బాలుడొకడు అద్దా నదిలో పడి కొట్టుకొనిపోవుచుండెను. వాలెంటీనో వెంటనే నీటిలో దుమికి, ఆ బాలుని ఒడ్డునకు చేర్చి ప్రాణము కాపాడెను. ఆ బాలుని పేరు ఆండ్రేయా బొనోమి. అతడు పెరిగి పెద్దవాడై, ఫుట్‌బాల్ ఆటలో ప్రసిద్ధుడై, మిలాను జట్టునకు నాయకుడయ్యెను. నీటిలో మునిగినవాడును, తీసినవాడును కొన్నియేండ్లకు ఇటలీలోని రెండు గొప్ప జట్లకు నాయకులుగా ఒకే మైదానమున ఎదురెదురుగా నిలిచిరి. కథలలో వ్రాసినచో ఇది కల్పన యని మనము నవ్వుకొందుము.

1929లో అమెరికాలో పుట్టిన ఆర్థికమాంద్యము సముద్రములు దాటి ఇటలీని కూడ తాకెను. పనులు మూతపడెను. అలెస్సాండ్రో మజ్జోలా కొలువు పోయెను. ఆయన ఎక్కువకాలము జీవింపలేదు కూడ. కుటుంబభారము పిల్లలపై పడగా వాలెంటీనో చదువు మాని, రొట్టెలు చేయు దుకాణమున పనికుఱ్ఱవాడుగా కుదిరెను. కొంత వయస్సు వచ్చిన తరువాత అవిసెనార వడకు మిల్లులో చేరెను. రొట్టెల దుకాణమున తెల్లవాఱకముందే లేవవలెను. మిల్లులో పగలంతయు నిలుచుండవలెను. ఈ రెండు పనులలోను కాళ్లు గట్టిపడినవి గాని, ఆడుటకు తీరిక మాత్రము చిక్కలేదు. చిక్కిన కొంచెము తీరికలోనే అతడు ఊరిలోని చిన్న జట్టున చేరి ఆడుచుండెను.

అతని ఆట చూచినవారొకరు మిలానులోని ఆల్ఫా రోమియో మోటారుకార్ల కర్మాగారమునకు అతని పేరు చెప్పిరి. ఆ కాలమున ఇటలీలో పెద్ద కర్మాగారములు తమ పనివారితో ఫుట్‌బాల్ జట్లను నడపుచుండెడివి. ఆటగానికి ఆటతోపాటు ఉద్యోగము కూడ దొరకును. వాలెంటీనోకు కావలసినది అదియే. 1938లో అతడు ఆ కర్మాగారమున మెకానిక్కుగా చేరి, జట్టులో స్థానము సంపాదించెను. ఆటవలన ఇంటికి నాలుగు డబ్బులు రాగలవని అతనికి తెలిసినది అప్పుడే.

మఱుసటి యేడు సైనికసేవకు పిలుపు వచ్చెను. అతనిని నౌకాదళమున వేసి వెనిస్ నగరమునకు పంపిరి. వీధులకు మారుగా కాలువలును, బండ్లకు మారుగా పడవలును గల నగరమది. అక్కడి వెనీజియా జట్టువారు ఈ నావికుని ఆట పరీక్షించి వెంటనే చేర్చుకొనిరి. 1940లో అతడు ఇటలీలోని మొదటితరగతి పోటీలలో అడుగు పెట్టెను. అప్పటికి అతనికి ఇరువదియొక్క యేండ్లు.

ఆ జట్టులోనే ఎజియో లోయిక్ అను యువకుడుండెను. అతడు ఫియూమే రేవుపట్టణమువాడు. అతడును 1919లోనే పుట్టినవాడు. వారిద్దఱి స్వభావములును వేఱు, ఆటతీరులును వేఱు. లోయిక్ బరువుగా అడుగులు వేయుచు, అలుపెరుగక పనిచేయువాడు. తోడివారు అతనిని ఏనుగు అని పిలుచుచుండిరి. మజ్జోలా మెఱుపువలె కదలువాడు. అయినను మైదానమున ఒకడు బంతిని తన్నకముందే అది ఎచ్చటికి వచ్చునో మఱియొకనికి తెలిసియుండెడిది. వారిద్దఱు కుదిరిన తరువాత, అంతవఱకు సామాన్యముగా నుండిన వెనీజియా జట్టు 1941లో ఇటలీ కప్పును గెలుచుకొనెను. మఱుసటి యేడు దేశపు లీగు పోటీలలో మూడవ స్థానమున నిలిచెను.

ఇచ్చట మజ్జోలా చేయు పనియేమో కొంత వివరింపవలెను. ఫుట్‌బాల్ జట్టున పదునొకండుగురు ఆటగాండ్రుందురు. గోలు కాపాడువాని పని, గోలు కొట్టువాని పని అందఱకు కనబడును. ఆ ఇరువురకును నడుమ, మైదానపు మధ్యభాగమున ఆడువారి పని అంత సులభముగా కంటబడదు. శత్రువుల కాలినుండి బంతిని లాగవలెను. లాగిన బంతిని తగిన స్థలమునకు తగిన క్షణమున అందింపవలెను. అందించి ఊరకుండక తానును ముందునకు పరుగెత్తవలెను. బంతి చేజాఱినచో మరల వెనుకకు పరుగెత్తి రక్షకులకు సాయపడవలెను. అనగా తొంబది నిమిషములును విశ్రాంతి లేదు. మజ్జోలా ఈ పనులన్నిటిని ఒక్కడే చేయగలిగెను. అదిగాక గోల్సు కూడ కొట్టుచుండెను. ఎత్తరి కాకపోయినను గాలిలోనికి ఎగిరి తలతో బంతిని కొట్టుటలో పొడగరులను మించెడివాడు. రెండు కాళ్లతోను సమానముగా తన్నువాడు.

ఇటలీ వాయవ్యమున, ఆల్ప్స్ పాదమున, ట్యూరిన్ నగరమున్నది. ఇటలీవారు దానిని టొరీనో అందురు. అచ్చటి ఒక జట్టు పేరును టొరీనోయే. ముదురు ఎఱుపు వన్నె చొక్కాలు ఆ జట్టువారి గుర్తు. దానికి 1939నుండి అధ్యక్షుడు ఫెర్రూచో నోవో అను వ్యాపారి. ఆయన పడుచుదనమున ఆటగాడు కాగోరి రాణింపలేకపోయెను. కాని యితరులలో ప్రతిభను గుర్తించు కన్ను ఆయనకుండెను. 1942లో లీగు ముగియు దశలో టొరీనో జట్టు వెనిస్‌లో ఓడి, విజేతస్థానమును చేజార్చుకొనెను. ఓడించినవారు మజ్జోలా, లోయిక్‌లు. నోవో కోపము తెచ్చుకొనుటకు మారుగా, తమను ఓడించిన యిద్దఱిని తమ జట్టునకు ఇమ్మని వెనీజియావారిని అడిగెను. వారి కొఱకు పన్నెండు లక్షల లీరాలకు పైగా ధనమిచ్చి, పైగా తన యాటగాండ్ర నిద్దఱిని కూడ ఇచ్చెను. ఆనాటి లెక్కలో అది కని విని యెఱుగని సొమ్ము. యుద్ధకాలమున ఒక ఆటకు ఇంత ధనమా యని ఆక్షేపించినవారును లేకపోలేదు.

టొరీనో జట్టు అప్పుడే కొత్తపద్ధతిని అవలంబించెను. వెనుక ముగ్గురు రక్షకులు, ముందు ముగ్గురు, నడుమ నలుగురు నిలుచు పద్ధతి యది. గ్రేజర్, కాస్తిల్యానో, లోయిక్, మజ్జోలా అను ఆ నలుగురును ఒక చతురస్రపు నాలుగు మూలలవలె ఆడుదురు. ఒక మూల కదలినచో తక్కిన మూడును కదలును. ఈ చతుష్టయమే ఆ జట్టునకు వెన్నెముక యయ్యెను.

అయినను ఆరంభము మంచిది కాలేదు. 1942-43 లీగులో మొదటి రెండు పోటీలలోను టొరీనో ఓడెను. నోవో డబ్బు నీళ్లపాలయ్యెనని నవ్విరి. పిమ్మట జట్టు కుదురుకొనెను. కడపటి పోటీ దక్షిణతీరమందలి బారీ నగరమున జరిగెను. లివోర్నో జట్టు ఒక్క పాయింటు వెనుక పొంచియుండెను. ఆట ముగియుటకు కొద్ది నిమిషములే మిగిలియున్నను గోలు పడలేదు. అప్పుడు మజ్జోలా గోలు కొట్టెను. టొరీనో దేశవిజేత యయ్యెను. కొన్ని వారములకు ఇటలీ కప్పు కూడ ఆ జట్టునకే దక్కెను. ఒకే యేట ఆ రెంటిని గెలిచిన జట్టు ఇటలీలో అంతకుముందు లేదు. కప్పు పోటీ తుదియాటలో టొరీనో 4-0 గోల్సతో ఓడించినది మజ్జోలా పాతజట్టు వెనీజియానే.

ఇంతలో యుద్ధము ఇటలీ గడ్డపైకే వచ్చెను. ట్యూరిన్ నగరముపై బాంబులు కురిసెను. 1943లో దేశము రెండుగా చీలగా ఉత్తరభాగము జర్మనుల వశమయ్యెను. యువకులను పట్టి సైన్యమునకో, జర్మనీలోని కర్మాగారములకో పంపుచుండిరి. ఆటగాండ్రను కాపాడుటకు నోవో ఒక ఉపాయము పన్నెను. వారిని ఫియట్ మోటారు కర్మాగారమున పనివారుగా చేర్చి, జట్టును ఆ కర్మాగారపు పేరుతో నడపెను. 1944లో ఉత్తర ఇటలీ జట్లకు మాత్రము పోటీలు జరిగెను. టొరీనోయే గెలుచునని అందఱు తలంచిరి. కాని లా స్పెజియా పట్టణపు అగ్నిమాపకదళమువారి జట్టు వారిని 2-1 గోల్సతో ఓడించెను. పగలు మంటలార్పి, తీరికవేళ బంతియాడువారు దేశములోకెల్ల గొప్పజట్టును ఓడించుట చూచి లోకము నివ్వెఱపోయెను. ఆ విజయమునకు ఇటలీ ఫుట్‌బాల్ సంఘము గౌరవచిహ్నమిచ్చుటకు 2002వ సంవత్సరము వఱకు పట్టెను.

యుద్ధము ముగిసిన పిదప ఇటలీలో వంతెనలు కూలియుండెను, ఇండ్లు కూలియుండెను, తినుటకు రొట్టె చాలకుండెను. ఓడిన దేశమను అపకీర్తి పైగా నుండెను. అట్టి కాలమున ఆదివారము సాయంకాలములందు ప్రజలకు ఊరట కలిగించినది టొరీనో జట్టు. 1946, 1947, 1948 సంవత్సరములలో వరుసగా అదియే విజేత. రోము నగరమున రోమా జట్టుతో ఆడినప్పుడు మొదటి అరగంటలోపలనే ఆఱు గోల్సు కొట్టిరి. 1947-48 లీగులో 40 పోటీలాడి 125 గోల్సు చేసిరి. అలెస్సాండ్రియా జట్టును 10-0తో ఓడించిరి. రెండవస్థానమునకు వచ్చిన జట్లకంటె 16 పాయింట్లు అధికముగా సంపాదించిరి. 1946-47లో మజ్జోలా స్వయముగా 29 గోల్సు చేసి లీగులో ప్రథముడుగా నిలిచెను. గోలు కొట్టుటయే వృత్తిగా గలవారిని మధ్యభాగమున ఆడువాడు మించుట సామాన్యము కాదు.

వారి సొంత మైదానము ఫిలడెల్ఫియా వీధిలో ఉండెను. మైదానమునకు ఆ వీధిపేరే వచ్చెను. అది పెద్దది కాదు. ప్రేక్షకులు గీతకు ఆనుకొని కూర్చున్నట్లుండెడివారు. ఆటగాని ఊపిరి కూడ వారికి వినబడును. ఆ మైదానమున 1943 జనవరి తరువాత ఆఱేండ్లకు పైగా లీగు పోటీలలో టొరీనోను ఓడించినవారు లేరు.

ప్రేక్షకులలో ఒరెస్తె బోల్మిదా అను రైల్వే ఉద్యోగి యుండెను. ఆయన వెంట ఒక బూర తెచ్చుకొనువాడు. జట్టు మందకొడిగా ఆడుచున్నప్పుడు లేచి నిలిచి ఆ బూర ఊదెడివాడు. ఆ ధ్వని వినగానే మజ్జోలా తన చొక్కాచేతులను మోచేతులపైకి మడచుకొనెడివాడు. ఏమియు మాటలాడడు, ఎవరిని గద్దింపడు. చేతులు మడచుటయే ఆజ్ఞ. తక్కినవారికి అది చాలును. అప్పటినుండి పావుగంట సేపు ఎదుటిజట్టు తట్టుకొనజాలకుండెను. 1948 మే నెలలో లాజియో జట్టుతో ఆడుచు, 3 గోల్సు వెనుకబడియుండియు, 4-3తో గెలిచిరి. ఆ పావుగంటకు ఇటలీవారు ప్రత్యేకముగా పేరు పెట్టి చెప్పుకొందురు.

మజ్జోలా స్వభావమున మాటకారి కాడు. మైదానము వెలుపల ఒంటరిగా ఉండుటకు ఇష్టపడువాడు. తోడియాటగాండ్రు కలిసి నవ్వుచు తిరుగుచుండగా అతడు దూరముగా నుండుటయు కలదు. జీతము విషయమున క్లబ్బు పెద్దలతో గట్టిగా వాదించెడివాడు. పదేండ్ల వయస్సున రొట్టెల దుకాణమునకు పోయినవాడు తన కష్టమునకు విలువ కట్టుకొనుట తప్పని యెవరనగలరు? 1949 నాటికి అతడు మిలాను నగరపు ఇంటర్ జట్టునకు పోవునను వదంతి కూడ పుట్టెను. కాని బంతి యాటలోనికి వచ్చిన తరువాత ఆ దూరము మాయమయ్యెడిది. వెనుకటి రక్షకుడు తడబడినచో అతని ప్రక్కన ఉండువాడు మజ్జోలా. ముందుకు దూకువానికి బంతి కావలసినచో పంపువాడు మజ్జోలా. గణాంకముల పట్టికలో గోల్సు లెక్క కలదు గాని, ఈ పరుగుల లెక్క లేదు.

అతడు ఇటలీ దేశపు జట్టునకు ఆడినది పన్నెండు పోటీలు మాత్రమే. 1934లోను, 1938లోను ఇటలీ ప్రపంచకప్పు గెలిచినప్పుడు అతడు బాలుడు. 1942, 1946 సంవత్సరములలో యుద్ధమువలన ప్రపంచకప్పు జరుగనే లేదు. ఇరువదిమూడేండ్లనుండి ఇరువదియేడేండ్ల వఱకు, ఆటగాని ఒంట బలము పొంగు కాలము, ఆ విధముగా గడచిపోయెను. 1947 మే 11వ తేదీన ట్యూరిన్‌లో హంగరీతో జరిగిన పోటీయందు ఇటలీ జట్టులోని పదునొకండుగురిలో పదిమంది టొరీనోవారే. గోలుకీపరు ఒక్కడు జువెంటస్ జట్టువాడు. ఇటలీ 3-2తో గెలిచెను. కాని మఱుసటి యేడు అదే నగరమున ఇంగ్లండు జట్టు ఇటలీని 4-0తో చిత్తుగా ఓడించెను. మజ్జోలా కూడ ఆనాడు ఏమియు చేయలేకపోయెను. 1950లో బ్రెజిల్ దేశమున జరుగనున్న ప్రపంచకప్పు ఆ లోటును తీర్చునని అందఱు ఎదురుచూచుచుండిరి. ఆ జట్టునకు మజ్జోలాయే ఆధారమని ఎవరికిని సందేహము లేదు.

మజ్జోలాకు ఇద్దఱు కుమారులు. పెద్దవాడు సాండ్రో 1942లో జన్మించెను. రెండవవానికి, అధ్యక్షుడు నోవోపై గౌరవముచే, ఫెర్రూచో అని పేరు పెట్టెను. చిన్నారి సాండ్రో జట్టువారివలెనే ఎఱ్ఱచొక్కా తొడిగికొని, తండ్రివెంట మైదానములోనికి వచ్చుట ఫిలడెల్ఫియా ప్రేక్షకులకు ముచ్చటగా నుండెడిది.

1949 ఫిబ్రవరిలో జెనోవా నగరమున ఇటలీ, పోర్చుగల్ జట్లు తలపడెను. ఇటలీ 4-1తో గెలిచెను. ఆ సందర్భమున పోర్చుగీసు జట్టు నాయకుడు ఫ్రాన్సిస్కో ఫెరైరాతో మజ్జోలాకు స్నేహము కుదిరెను. ఫెరైరా లిస్బన్ నగరపు బెన్‌ఫికా జట్టువాడు. అతని గౌరవార్థము లిస్బన్‌లో ఒక పోటీ జరుపవలెనని సంకల్పముండెను. టొరీనో జట్టుతో తాను వచ్చి ఆడుదునని మజ్జోలా అతనికి మాట యిచ్చెను. లీగు ముగింపునకు వచ్చు దినములగుటచే నోవో మొదట సమ్మతింపలేదు. ఏప్రిల్ 30వ తేదీన ఇంటర్ జట్టుతో జరుగు పోటీలో ఓడకుండినచో వెళ్లవచ్చునని తుదకు అంగీకరించెను. ఆ పోటీ 0-0తో సమమయ్యెను. లీగులో ఇంక నాలుగు పోటీలు మిగిలియుండగా టొరీనో నాలుగు పాయింట్లు ముందుండెను.

గొంతువాపుతో జబ్బుపడుటచే ఇంటర్ పోటీలో మజ్జోలా ఆడలేదు. అట్టివాడు ఇంటిపట్టున నుండినను కాదనువారు లేరు. లిస్బన్ పోటీకి కప్పు లేదు, పాయింట్లు లేవు. కాని మాట యిచ్చినది తాను. అతడు జట్టువెంట బయలుదేరెను. నోవోకు మాత్రము జబ్బుచేసి ప్రయాణము మానెను. మోకాలు నొప్పితో నున్న సౌరో తోమా అను ఆటగాడు కూడ ట్యూరిన్‌లోనే నిలిచిపోయెను. మే 3వ తేదీన పోటీ జరిగెను. బెన్‌ఫికా 4-3తో గెలిచెను. రెండు జట్లును సంతోషముగానే ఆడిరి. మజ్జోలా ఆడిన కడపటి ఆట యది.

మఱునాడు, మే 4వ తేదీ బుధవారము ఉదయము, మూడు ఇంజనుల ఫియట్ విమానము లిస్బన్‌నుండి బయలుదేరెను. బార్సిలోనాలో దిగి, నూనె పోసికొని, మధ్యాహ్నము మరల ఎగిరెను. అందులో పదునెనిమిదిమంది ఆటగాండ్రుండిరి. ఆల్డో, డీనో అను బలారిన్ సోదరులిద్దఱు వారిలోనివారు. జట్టునకు శిక్షణ యిచ్చిన ఎర్బ్‌స్టీన్ ఉండెను. ఆయన హంగరీ దేశపు యూదుడు. 1938నాటి జాతిచట్టములవలన ఇటలీ విడిచిపోయి, యుద్ధానంతరము తిరిగివచ్చినవాడు. ఇంగ్లీషు శిక్షకుడు లీవ్స్‌లీ ఉండెను. ముగ్గురు పత్రికా రచయితలుండిరి. విమానము నడపువారితో కలిసి మొత్తము ముప్పదియొక్కమంది.

సాయంకాలమునకు ట్యూరిన్‌పై మబ్బులు దట్టముగా క్రమ్మెను. వాన కురియుచుండెను. గాలి బలముగా వీచుచుండెను. నగరమునకు తూర్పున సుపెర్గా అను కొండ కలదు. దాని శిఖరముపై పదునెనిమిదవ శతాబ్దమున యువారా అను శిల్పి కట్టిన గొప్ప చర్చి యున్నది. పూర్వపు రాజుల సమాధులు అచ్చటనే యున్నవి. ఆ దినమున కొండపై నలువది మీటర్లకు మించి కంటికి కనబడలేదు. సాయంకాలము 5 గంటలు దాటిన కొద్ది నిమిషములకు విమానము ఆ చర్చి వెనుకటి రాతికట్టను ఢీకొనెను. గాలి త్రోపిడిచే దారి తప్పినదని కొందఱును, ఎత్తును చూపు పరికరము చెడినదని కొందఱును ఊహించిరి. విమానములోని వారిలో ఒక్కరును మిగులలేదు. మజ్జోలాకు అప్పటికి ముప్పదియేండ్లు.

మృతులను గుర్తించుట ఎవరివలనను కాలేదు. రెండుసార్లు ఇటలీకి ప్రపంచకప్పు తెచ్చిన శిక్షకుడు విత్తోరియో పోజ్జో ఆ కొండకు వచ్చెను. ఆ యువకులను దేశపుజట్టునకు ఎన్నుకొన్నవాడు, ఎదుట నిలుచుండబెట్టి ఆట నేర్పినవాడు ఆయన. బూడిదయు వానయు కలిసిన ఆ చోట తిరుగుచు, ఒక్కొక్కరిని చూచి, ఒక్కొక్కరి పేరు చెప్పెను. అరువదిమూడేండ్ల వృద్ధునకు అంతకంటె కఠినమైన పని వేఱొకటి యుండదు.

మే 6వ తేదీన అంత్యయాత్ర జరిగెను. ఐదు లక్షలకు పైగా జనులు ట్యూరిన్ వీధులలో నిలిచిరి. మాటలు లేవు, పాదముల చప్పుడు మాత్రము వినబడెనని చూచినవారు చెప్పిరి.

లీగులో మిగిలిన నాలుగు పోటీలను ఆడుటకు టొరీనోకు ఆటగాండ్రు లేరు. పిల్లల జట్టును మైదానమునకు పంపిరి. అది చూచి ఎదుటిజట్లు నాలుగును తమ పెద్దవారిని ఆపి, తామును పిల్లల జట్లనే పంపెను. టొరీనో బాలురు నాలుగు పోటీలను గెలిచిరి. 1949 విజేతస్థానము ఆ విధముగా ఆ జట్టునకు స్థిరపడెను. అది వరుసగా ఐదవది. యుద్ధమువలన లీగు జరుగని యేండ్లను లెక్కలోనికి తీసికొనరు. అదే నెలలో అర్జెంటీనానుండి రివర్ ప్లేట్ అను ప్రసిద్ధమైన జట్టు అంతదూరము వచ్చి, మృతుల కుటుంబముల సహాయార్థము ట్యూరిన్‌లో ఒక పోటీ ఆడిపోయెను.

మఱుసటి యేడు ఇటలీ జట్టు బ్రెజిల్‌లోని ప్రపంచకప్పునకు విమానమెక్కక ఓడలో పోయెను. సుపెర్గా భయము అందఱి మనస్సులలో ఉండెను. వారముల తరబడి సముద్రముపై సాగిన ఆ ప్రయాణమున కాళ్లు బిగిసిపోయిన ఆ జట్టు స్వీడను చేతిలో ఓడి తిరిగివచ్చెను. ఆ పోటీలలో ఇటలీ, స్వీడను, పరాగ్వేలతో పాటు మన భారతదేశమును ఒకే వర్గమున చేర్చియుండిరి. కాని మన జట్టు బ్రెజిల్‌కు పోలేదు. పోయియుండినచో మజ్జోలా లేని ఇటలీతో మనవారు ఆడియుందురు.

తండ్రి పోయినప్పుడు సాండ్రోకు ఆఱేండ్లు. అతడును తమ్ముడును మిలాను ప్రాంతమున తల్లివద్ద పెరిగిరి. మజ్జోలాతో కలిసి దేశపుజట్టులో ఆడిన బెనీతో లోరెంజీ అను ఇంటర్ ఆటగాడు ఆ పిల్లలను వెదకికొని వచ్చి, తన జట్టువారికి చూపి, శిక్షణకు చేర్పించెను. 1961 జూన్ 10వ తేదీన ఇంటర్ జట్టువారు ఒక నిర్ణయమునకు నిరసనగా, జువెంటస్‌తో జరుగు పోటీకి తమ పిల్లల జట్టును పంపిరి. పోటీ జరిగినది ట్యూరిన్ నగరముననే. ఆ పిల్లలలో పదునెనిమిదేండ్ల సాండ్రో మజ్జోలా ఉండెను. మొదటితరగతి పోటీలో ఆడుట అతనికి అదే మొదలు. పిల్లలు 9-1తో ఓడిరి. వారు కొట్టిన ఆ ఒక్క గోలు సాండ్రోది.